కరగిపోవు పూత చెప్పు సాక్ష్యము



ఎండవేళ ఇంటికి వచ్చిన చుట్టమునకు షర్బతు కలుపబోవు ఇల్లాలు, చెంచాడు సబ్జా గింజలను గిన్నెడు నీటిలో పోసి, తన పనిమీద తాను లోపలికి పోయి పావుగంటకు తిరిగి వచ్చునప్పటికి, ఆవగింజకంటె చిన్నవై, పొడిపొడిగా, నల్లగా నుండిన ఆ గింజలు ఒక్కొక్కటియు తేటయైన జిగురు కోశమును ధరించి, చెరువుగట్టున తేలు కప్పగ్రుడ్లవలె గిన్నెనిండ ఉబ్బియుండును. ఆ కోశమును వ్రేళ్ళతో నలిపిచూచినవారికి అది గట్టిదో మెత్తనిదో, నీరో నీరు కానిదో చెప్పుట కష్టము. దానిలో నూటికి తొంబదిపాళ్ళకు పైగా నీరే యున్నను అది పారదు, ఒలకదు. ఏలయన ఆ నీటిని సన్నని పొడవైన అణుసూత్రములు వలవలె అల్లుకొని పట్టుకొని యుండును. ఇట్లు వలయును నీరును కలిసి యేర్పడిన పదార్థమును శాస్త్రజ్ఞులు హైడ్రోజెల్ అందురు. మన తాటిముంజె కూడ ఇంచుమించు ఈ జాతిదే. వైద్యముకొఱకు బుద్ధిపూర్వకముగా ఇట్టి జెల్‌ను తయారుచేసిన తొలివారిలో ప్రాగు నగరపు రసాయనవేత్త ఆటో విఖ్టర్‌లే ఒకడు. 1960లో ఆయన ద్రాహోస్లావ్ లీమ్‌తో కలిసి దానిని లోకమునకు తెలిపెను. మఱుసటి సంవత్సరము క్రిస్మస్ సెలవులలో తన యింటిలో కూర్చుండి, పిల్లలు ఆడుకొను ఇనుపముక్కల బొమ్మసామగ్రితోను, సైకిలు డైనమోతోను యంత్రమొకటి అమర్చి, ఆ జెల్‌తో కంటిలో పెట్టుకొను మెత్తని కటకములను పోతపోసెను. నేడు కోట్లాది జనులు కనురెప్పలక్రింద ధరించుచున్నది ఆ వంశములోని పదార్థమునే.

అయితే నేను ఈనాడు ప్రస్తావింపబూనినది మన్నెడి జెల్‌ను గుఱించి కాదు. నశించు జెల్‌ను గుఱించి. గోడకు సున్నము వేయించినవాడు అది రాలరాదని కోరును. పాత్రకు కళాయి పెట్టించినవాడు అది పోరాదని కోరును. పూత అనగానే నిలువవలెననుట లోకమర్యాద. దానికి విరుద్ధముగా, జుట్టువెండ్రుక మందములో నూఱవవంతో అంతకు కొంచెము హెచ్చో గల జెల్‌ను ఒక పలకమీద పూసి, ఇది యెప్పుడు కరగునా, ఎంతసేపటిలో కరగునా అని గడియారము చేతబట్టుకొని కనిపెట్టుకొని యుండు శాస్త్రజ్ఞులు నేడు లోకములో కొందఱు కలరు. ఆ కరగుటలోనే వారికి రోగముయొక్క జాడ తెలియును.

ఈ మాట నమ్మజాలనివారు ఇంటిలోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చును. నేను చేసితిని. మా యింటి బీరువాపైని పాత ఎక్స్‌రే ఫిల్ములు దుమ్ము పట్టి యుండగా ఒకదానిని తీసి, కత్తెరతో మూడు పేలికలుగా కత్తిరించితిని. పెరటి బొప్పాయి చెట్టుననున్న పచ్చికాయకు గాట్లు పెట్టగా కారిన పాలను గోరువెచ్చని నీటిలో కలిపి, ఒక పేలికను అందు ముంచితిని. రెండవదానిని ఉత్త గోరువెచ్చని నీటిలో ముంచితిని. బొప్పాయిపాలు కలిపిన నీటినే మఱికొంత తెర్లకాచి చల్లార్చి, మూడవదానిని అందు ఉంచితిని. అరగంట గడచునప్పటికి మొదటి గ్లాసులో నల్లని మడ్డి పొరలుపొరలుగా విడిపోయి అడుగునకు దిగసాగెను. వ్రేలితో రాయగా పేలిక సగము అద్దమువలె తేటపడెను. తక్కిన రెండును చెక్కుచెదరలేదు. ఫిల్ముమీది నలుపునకు ఆధారము జెలటిన్. పశువుల ఎముకలనుండి, తోళ్ళనుండి తీసిన మాంసకృత్తు అది. బొప్పాయిపాలలో పపైన్ అను ఎంజైము కలదు. వంటవాడు పచ్చిబొప్పాయి ముద్దను మాంసమునకు పట్టించి మెత్తపఱచునది దీని బలముచేతనే. ఆ పపైన్ జెలటిన్ వలను తెంచివేయగా, దానిని అంటిపెట్టుకొనియుండిన వెండిరేణువులు ఊడిపోయినవి. కాచిన పాలలో ఎంజైము చచ్చినది గనుక మూడవ పేలిక బ్రదికినది.

నేను పెరటిలో వినోదమునకు చేసిన యీ పనినే 1949లో అమెరికాలోని బోస్టన్ నగరమున హ్యారీ ష్వాక్‌మన్ అను శిశువైద్యుడు రోగనిర్ణయమునకు వాడెను. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టువ్యాధితో పుట్టిన శిశువులకు క్లోమగ్రంథి నాళములు చిక్కని జిగటచే మూసికొనిపోయి, ఆహారములోని మాంసకృత్తులను జీర్ణముచేయు ట్రిప్సిన్ అను ఎంజైము ప్రేగులలోనికి దిగదు. దీనిని నిర్ధారించుటకు అంతకుముందు పసిబిడ్డ కడుపులోనికి గొట్టము దింపి రసమును తీయవలసి యుండెను. దానికి బదులుగా ష్వాక్‌మన్, బిడ్డ విరేచనమును నీటిలో పలుచగా కలిపి, దాని బొట్లను ఎక్స్‌రే ఫిల్ముమీద ఉంచి, దేహోష్ణతయందు కొంతసేపు నిలిపి, కడిగి చూచెడివాడు. బొట్టు పడినచోట ఫిల్ము తేటపడెనా, ట్రిప్సిన్ కలదు. నలుపు నలుపుగానే యుండెనా, అనుమానింపవలసినదే. ఇందు కరగకపోవుటయే వ్యాధిలక్షణమను విశేషమును శ్రోతలు గమనింతురు గాక. ఈ పరీక్ష చవుకది, సుళువైనది. కాని ఒక లోపము దీనికి కలదు. ప్రేగులలోని సూక్ష్మక్రిములు కూడ జెలటిన్‌ను తినగలవు. ట్రిప్సిన్ బొత్తిగా లేని బిడ్డ విషయములో సైతము క్రిములు ఫిల్మును కరగించి వైద్యుని మోసపుచ్చవచ్చును. ఎర అందఱికిని రుచించునదైనప్పుడు గాలమునకు ఏ చేప తగులునో చెప్పలేము. తరువాతి డెబ్బదియేండ్ల కృషి అంతయు ఈ యొక్క చిక్కును విప్పుటకే జరిగినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఇంతలో మఱియొకవైపున ఇట్టి కరగుటనుండియే ఒక మహత్తరమైన విషయము బయటపడెను. మన చర్మమునకు, చిగుళ్ళకు, ఎముకకు, స్నాయువులకు పట్టునిచ్చు మాంసకృత్తు కొల్లాజెన్. మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసికొన్న త్రాడువంటిది దాని నిర్మాణమని 1954, 1955 సంవత్సరములలో మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గోపీనాథ్ కర్తాతో కలిసి తేల్చెను. తెనాలి దాపున యలవఱ్ఱులో పుట్టిన మన నాయుడమ్మగారు జీవితమంతయు తోళ్ళ పరిశోధనకు ధారవోసిన అడయారు సంస్థ ఆ విశ్వవిద్యాలయపు గిండీ ఆవరణకు పొరుగుననే యున్నది. తోలు అనగా కొల్లాజెనే కదా. పేనిన త్రాడగుటచే కొల్లాజెన్‌ను సామాన్యపు ఎంజైములు కొఱుకలేవు. మఱి తోకకప్ప కప్పగా మాఱునప్పుడు అంత తోకయు కొలదిదినములలో ఎట్లు మాయమగుచున్నది? జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అను నిరువురు 1962లో ఈ ప్రశ్ననే పట్టుకొని, తోకకప్ప తోకనుండి తీసిన సజీవమైన చర్మపు తునకలను కొల్లాజెన్ జెల్ పొరమీద పెట్టి కనిపెట్టిరి. తునక చుట్టును జెల్ కరగి నీరై, తేటయైన వలయమేర్పడెను. జంతువు తన కొల్లాజెన్‌ను తానే కోసికొనుటకు కత్తి యొకటి తయారుచేసికొనునని అప్పుడు తెలిసినది. ఆ కత్తికి కొల్లాజెనేజ్ అని పేరు. మానవదేహములో దాని కుటుంబమునకు చేరిన ఎంజైములు ఇరువదిమూడు. గర్భమందు ఒక్కొక్కటిగా నున్న జింక్ పరమాణువే వాటి పదును. కొల్లాజెన్ త్రాటిని కొల్లాజెనేజ్ ఎక్కడబడిన అక్కడ కొఱుకదు. ముప్పాతిక ఒకవైపు, పాతిక యొకవైపు పడునట్లు ఒక్కచోటనే తెంచును.

ఈ కత్తులు లేనిదే గాయము మానదు, ఎముక పెరుగదు. కాని హద్దుమీరినచో కీళ్ళవాతమున కీలుమీది మృదులాస్థిని తినివేయునవి ఇవే; క్యాన్సరు కణములు ప్రక్క ధాతువులలోనికి చొచ్చుకొనిపోవుటకు దారి తీయునవి ఇవే. చిగుళ్ళ వ్యాధిని చూడుడు. పండ్లసందున పాచి పేరుకొని క్రిములు చేరగా, వాటిని చంపుటకు న్యూట్రోఫిల్ అను తెల్లరక్తకణములు పరుగెత్తుకొని వచ్చును. వచ్చి, తమవెంట తెచ్చిన కొల్లాజెనేజ్‌ను, ఎలాస్టేజ్‌ను అక్కడ విప్పి క్రుమ్మరించును. శత్రువు చచ్చినను చావకున్నను, పంటిని ఎముకకు కట్టియుంచిన నారలు మాత్రము తెగిపోవును. ఊరిని కాపాడవచ్చిన దండు ఊరి పంటలనే తగులబెట్టిన చందము! దంతవైద్యుడు సన్నని కొలబద్దను చిగురుక్రిందికి దించి లోతు కొలుచును, ఎక్స్‌రే తీసి ఎముక యెంత తరిగెనో చూచును. ఈ రెండును జరిగిపోయిన నష్టమునే చెప్పును. ఈ క్షణమున అక్కడ ధ్వంసము సాగుచున్నదా, చల్లారినదా? ఆ సంగతి ఉమ్మిలోనో చిగురుసందున ఊరు రసములోనో నున్న ఎంజైము నడిగి తెలిసికొనవలసినదే.

అడుగుట యెట్లు? గర్భనిర్ధారణ పట్టీలవలె ప్రతిరక్షకముల సాయముతో ఆ ఎంజైము ఉన్నదా లేదా, ఎంత యున్నది అని లెక్కింపవచ్చును. అయితే సాధారణముగా అట్టి లెక్క ఒరలోనున్న కత్తిని, దూసిన కత్తిని ఒక్కటిగానే ఎంచును. ఈ ఎంజైములు పుట్టునప్పుడు తొడుగుతో పుట్టును. పనిలోనికి దిగినపిమ్మటను వాటికి కళ్ళెము వేయు అణువులు వేఱుగా కలవు. కావున ఉనికి వేఱు, వృత్తి వేఱు. కరగు పూత ఉనికిని అడుగదు. ఏమి కోసితివని అడుగును. నా మట్టునకు ఈ పద్ధతికి గల గొప్పతనమంతయు ఇందే యున్నదని తోచుచున్నది. గుమ్మడికాయల దొంగ యెవరన్న భుజములు తడుముకొన్నవానివలె, పని చేయుచున్న ఎంజైము తన్ను తానే బయటపెట్టుకొనును.

ఇక ఎర సంగతి. ఆకలి రుచి యెఱుగదని మనవారి సామెత. ఎంజైముల ఆకలి మాత్రము రుచిని మిక్కిలిగా ఎఱుగును; తాళమునకు తగిన చెవివలె ప్రతి ఎంజైమునకును దాని పదార్థము దానికి కలదని ఎమిల్ ఫిషర్ 1894లోనే చెప్పెను. మాంసకృత్తు అనునది అమైనో ఆమ్లముల దండ. ఆ దండలో ఏ పూసల వరుస కనబడినచో ఏ ఎంజైము అక్కడ కఱచునో నేడు చాలవఱకు తెలియును. గ్లైసీన్, ఐసోల్యూసీన్ అను రెండు పూసలు తగిన పొరుగుతో ప్రక్కప్రక్కన కుదిరినచోట కొల్లాజెనేజ్ కుటుంబము తెంచును. ఎలాస్టేజ్‌కు అలనీన్, వాలీన్ వంటి చిన్నపూసలు ప్రీతి. కాబట్టి ఈ ఎంజైములు ముట్టని నిర్జీవమైన సూత్రములను తీసికొని, వాటిని ఒకదానితో నొకటి ముడివేయుటకు ఈ పూసల చిన్న దండలను, అనగా పెప్టైడులను వాడినచో, వలలో ముడులు మాత్రమే తినదగినవి, పోగులు కావు. ఏ ఎంజైమునకై ముడి వేసితిమో అది వచ్చి ముడులు విప్పినగాని వల విడిపోదు. జెలటిన్ అంతయు ఎరయే. ఈ వలలో గాలపుకొనకు గ్రుచ్చిన ముక్క మాత్రమే ఎర. జెఫ్రీ హబెల్, జెన్నిఫర్ వెస్ట్ అను శాస్త్రజ్ఞులు 1999లో ఇట్టి పెప్టైడు ముడుల జెల్‌లను వర్ణించిరి. అయితే వారి ఉద్దేశ్యము గాయములలో కణములు త్రోవచేసికొని నడచుటకు తగిన మెత్తని ఆధారమును కల్పించుట. దానినే పలుచని పూతగా మార్చి రోగపరిశోధనకు త్రిప్పినవారిలో లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టెఫీ క్రౌజ్ బృందము ముఖ్యమైనది. 2009లో వారు డెక్స్‌ట్రాన్ అను చక్కెరసూత్రమునకు పెప్టైడు ముడులు వేసిరి. నిలువయున్న చెఱకురసము జిగటపడి తీగలు సాగుట మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. ఆ జిగటకు మూలము చాలవఱకు ఈ డెక్స్‌ట్రానే. 2019లో అదే బృందము పాలిఇథిలీన్ గ్లైకాల్ అను కృత్రిమసూత్రముతో కొల్లాజెనేజ్‌ను పట్టుటకు పూత తయారుచేసెను.

పూత కరగుచున్నదని తెలియుట యెట్లు? కంటికి కనబడనంత పలుచనిది కదా. ఇచ్చట నేను కొంచెము నిలువదలచితిని, ఏలయన దీనికిని మీరు వినుచున్న రేడియోకును చుట్టఱికమున్నది. స్ఫటికశిలను, అనగా క్వార్ట్జ్‌ను నొక్కినచో దాని ముఖములమీద విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో అది కదలుటయు నిజమే. తగిన కోణమున కోసిన స్ఫటికపు పలుచని బిళ్ళకు విద్యుత్తునిచ్చినచో, అది తన కొలతకు తగిన వేగముతో తప్ప మఱియొక వేగముతో కంపింపదు. ఆ నిలుకడను ఆశ్రయించియే రేడియోకేంద్రములు తమ తరంగమును తమ స్థానమునుండి తొలగకుండ పట్టియుంచుచున్నవి. మీ చేతిగడియారములో సెకనుకు 32,768 మారులు ఊగునదియు ఈ స్ఫటికమే. మూడవవంతు మిల్లీమీటరు మందముగల బిళ్ళ సెకనుకు ఏబదిలక్షల మారులు కంపించును. దానిమీద ఏదైన బరువు అంటుకొన్నచో ఆ వేగము తగ్గును. ఎంత బరువునకు ఎంత తగ్గుననెడి లెక్కను 1959లో జర్మనీ దేశస్థుడు సావర్‌బ్రే ఇచ్చెను. ఆ లెక్కచొప్పున చదరపు సెంటీమీటరు మేర 17.7 నానోగ్రాముల బరువు పడినచో సెకనుకు ఒక్క కంపనము తగ్గును. నానోగ్రాము అనగా గ్రాములో నూఱుకోట్లవ భాగము. కంసాలి త్రాసును కంటిరెప్ప వెండ్రుక తగిలి కదలించునని మనము చెప్పుకొందుము. ఈ త్రాసుముందు అది ధాన్యపు కాటావంటిది.

ఇట్టి బిళ్ళమీద జెల్ పూసి, దానిమీదుగా పరీక్షింపవలసిన ద్రవమును పోనిచ్చినచో, ఎంజైము ముడులు తెంచినకొలదియు పూత కరగి బరువు తగ్గి స్ఫటికపు వేగము పెరుగవలెను. పెరుగును, కాని కొన్నిసార్లు వెంటనే కాదు. ముడులు కొన్ని తెగగానే వల వదులై మఱింత నీటిని పీల్చి, సబ్జా గింజవలె ఉబ్బి, బరువెక్కును! వేగము తగ్గును. ఆ పిమ్మట ముడులు ఇంకను తెగి పోగులు విడివడి కొట్టుకొనిపోవునప్పుడు గాని అది పైకి లేవదు. పైగా సావర్‌బ్రే లెక్క గట్టి పూతలకు చేసినది. లోహపు పొరకును జెల్‌కును చాల భేదము కలదు. మెత్తని జెల్ స్ఫటికముతోపాటు ఊగక వెనుకబడి, దాని కంపనశక్తిని మ్రింగివేయును. కావున వేగముతోపాటు కంపనము ఎంత త్వరగా చల్లారునో దానినిగూడ కొలిచి, రెండిటిని కలిపి చదువవలసి యుండును.

విద్యుత్తుతో చదువు పద్ధతి మఱియొకటి కలదు. లోహపు పలకమీది పూత విద్యుత్తునకు తెరవలె అడ్డునిలుచును. తెరకు చిల్లులు పడినకొలదియు పలకయొక్క విద్యుద్ధారణశక్తి పెరుగును. 1995లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు, జీర్ణకోశపు ఆమ్లమునకు కరగక ప్రేగులలో మాత్రమే కరగవలెనని మందుబిళ్ళలపై వేయు పూతనే తీసికొని, ఎంజైము పుట్టించిన క్షారగుణముచేత దానిని కరగింపగా, ఆ శక్తి వేలకొలది రెట్లు పెరిగినదని చూపిరి.

కాని నా మనస్సునకు మిక్కిలి నచ్చినది, టెక్సస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున బ్రయన్ జకియో, రిచర్డ్ క్రుక్స్ అనువారు 2011లో ప్రకటించిన చిన్న పరికరము. అగ్గిపెట్టెయంతది, దాని ఖరీదు అప్పట్లో ఒక డాలరునకు లోపు. క్లోమగ్రంథి హఠాత్తుగా వాచినప్పుడు ట్రిప్సిన్ రక్తములోనికి చిందును. దానిని పట్టుటకు వారు జెలటిన్‌ను, పాలలోను రక్తములోను ఉండు ఒక మాంసకృత్తును కలిపి పొరగా పోసి, దాని క్రింద వంటింటి అల్యూమినియం రేకును పఱచిరి. రక్తపు సారమును ఆ పొరమీద వేయగా అందు ట్రిప్సిన్ హెచ్చుగా నున్నచో జెల్‌కు తూట్లు పడును. తరువాత వేసిన కాస్టిక్ సోడా ద్రవము ఆ తూట్లగుండ దిగి రేకును తినివేయును. రేకు తొలగగానే క్రిందనున్న మెగ్నీషియమునకును ఇనుపలవణమునకును నడుమ విద్యుత్తు ప్రవహించి, చిన్న ఎఱ్ఱని ఎల్‌ఇడి దీపము వెలుగును. గోడకు తగిలింపవలసిన తీగ లేదు, బ్యాటరీ లేదు; పరికరమే బ్యాటరీ. తెర తొలగినగాని దీపము కనబడని దేవళమువంటిది. లెక్కకట్టు యంత్రము లేనిచోట, కరెంటు నిలుకడలేని ఆసుపత్రిలో, నర్సు చీకటిలో నిలుచుండియు చూడగల సమాధానమిది. శాస్త్రపత్రికలలో నేను చదివిన పెక్కు సూక్ష్మయంత్రములకంటె ఈ వంటింటి రేకు నాకు ఎక్కువ ఆదరణీయముగా కనబడెను.

ఇన్ని చెప్పి చిక్కులను దాచుట న్యాయము కాదు. ప్రయోగశాలలో శుద్ధమైన ఎంజైమును శుద్ధమైన లవణజలములో కలిపి పరీక్షించుట యొకటి, మనుష్యుని ఉమ్మి మఱియొకటి. ఉమ్మిలోని జిగట, ఇతర మాంసకృత్తులు పూతకు అంటుకొని బరువు పెంచుచుండగా ఎంజైము తగ్గించుచుండును; ఆ రెండిటి పేచీలో స్ఫటికము సత్యము చెప్పజాలదు. ఇరువదిముగ్గురు తోబుట్టువులలో ఒకరికి పెట్టిన ఎరను మఱియొకరు రుచిచూడకుందురా? ష్వాక్‌మన్‌ను బాధించిన చిక్కు చాల చిన్నదైనది కాని పూర్తిగా పోలేదు. వలకన్నులు ఇఱుకైనచో ఎంజైము లోనికి దూరలేక పైపైననే కొఱుకును, ఫలితము ఆలస్యమగును. విశాలమైనచో పూత ఎంజైము లేకయే సడలును. వాడిన పూతను మఱల వాడుటకు వీలులేదు, కరగినది కరగినదే. ఎండబెట్టి నిలువచేసిన పూత తడిపినప్పుడు మొదటి మందమునకే తిరిగి ఉబ్బవలెను, ప్రతి బిళ్ళమీదను ఒక్కతీరుగా ఉబ్బవలెను. మా ఊరి వడగాడ్పులో, మూతలేని బల్లమీద, అది సాధ్యమగునా యని నాకు సందేహము.

నా ఎక్స్‌రే పేలికలు మూడును ఇప్పటికిని ఒక పాత నోటుపుస్తకపు పుటల నడుమ నున్నవి. మొన్న మా యింటికి వచ్చిన ప్రక్కింటి కుఱ్ఱవాడు వాటిని కిటికీకి ఎదురుగా పట్టుకొని చూచి, కాచిన నీటిలో ముంచిన పేలికమీద ప్రక్కటెముకలు నాలుగును వరుసగా నుండి, మొదటి పేలికమీద ఒకటిన్నరయే మిగిలియుండుట గమనించి, "తాతగారూ, తక్కిన ఎముకలు ఏమైనవి?" అని అడిగెను. బొప్పాయి తినివేసినదంటిని. వాడు నమ్మలేదు, వెంటనే పెరటిలోనికి పరుగెత్తి, చెట్టున పచ్చికాయ ఏదైన మిగిలియున్నదేమో యని చూడసాగెను.